షట్టర్ ఎవరు ఎత్తుతారు?

మా బావ దుర్గారావు రాయ్‌పూర్‌లో షట్టర్ల మిస్త్రీ. ఇంటి ముందు కారు పెట్టుకునే గదికి ఇనప షట్టర్ ఉంటుంది కదా, పైకెత్తితే చుట్టచుట్టుకుని పోయేది, అది మొరాయించినప్పుడు జనానికి ఆయన గుర్తొస్తాడు. మిగతా రోజుల్లో ఎవరికీ గుర్తు రాడు. నాకు మాత్రం రోజూ గుర్తొస్తాడు, ఎందుకంటే మా అక్క రమణమ్మ రోజూ ఫోన్ చేసి ఆయన మీద ఏదో ఒకటి చెబుతుంది. బావంటే నాకు ప్రాణం. ఆయన మీద వచ్చినంత కోపం కూడా నాకు ఇంకెవరి మీదా రాదు. రెండూ ఒకే మనిషి మీద ఎలా కుదురుతాయని ఎవరైనా అడిగితే, వాళ్ళకు బావ లేడని అర్థం.

ఆయన తండ్రి దానయ్యగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి వ్యాగన్ల వర్క్‌షాపులో ఖలాసీగా చేరారు. మా నాన్నదీ అదే షాపు. రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు. ఆ కాలనీలో మగపిల్లాడు పుట్టాడంటే రైల్వేకి ఇంకో ఉద్యోగి పుట్టాడనే లెక్క. నేను ఆ లెక్క తప్పకుండా పార్సిల్ ఆఫీసులో గుమస్తానయ్యాను. బావకు మాత్రం పరీక్షలు కలిసిరాలేదు. దానయ్యగారు కొన్నాళ్ళు కొడుకుతో మాట్లాడడమే మానేశారు. బావ ఏమీ అనుకోకుండా పండరీ బట్టల మార్కెట్‌కు పోయి, దుకాణాల షట్టర్లు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర పనికి కుదిరాడు. మా నాన్న అక్కను ఆయనకే ఇస్తానన్నప్పుడు కాలనీ అంతా ముక్కున వేలేసుకుంది. చేతిలో పనున్నవాడు, తనకు చాలు అని అక్క ఒక్కమాటతో తేల్చేసింది.

తర్వాత కొత్త రాష్ట్రం వచ్చింది, రాయ్‌పూర్ రాజధాని అయింది, బావ దశ తిరిగింది. మోవా వైపు, శంకర్‌నగర్ వైపు ఎక్కడ చూసినా కొత్త ఇళ్ళు. ఇల్లు కట్టినవాడల్లా కారు కొన్నా కొనకపోయినా కింద ఒక గ్యారేజీ, దానికొక షట్టర్ పెట్టించుకున్నాడు. కొన్నాళ్ళకు ఆ గ్యారేజీలో ట్యూషన్ మొదలయ్యేది, లేకపోతే కుట్టు మిషన్ వచ్చేది, లేకపోతే అత్తగారి మంచం వచ్చేది. కారు బయట వేపచెట్టు కింద నిలబడేది. షట్టర్ మాత్రం రోజూ లేవాలి, రోజూ దిగాలి. బావకు కావలసింది అదే.

ఆయన షట్టర్‌ను చూసే పద్ధతి వేరు. ముందు పక్కనుండే గాడిలో వేలు పెట్టి, వేలికంటిన నల్ల దుమ్ము చూసుకుని తల అడ్డంగా ఊపుతాడు. ఇనుము ఫ్యాక్టరీల పుణ్యమా అని ఈ ఊళ్ళో ఆ దుమ్ము ఎక్కడైనా ఉంటుంది. జనం ఆ దుమ్ము మీద వంటనూనె పోస్తారు, అది పాకంలా గట్టిపడుతుంది, షట్టర్ బిగుసుకుంటుంది. మన తెలుగువాళ్ళ షట్టర్‌ను కింది పట్టీ చూసి చెప్పేస్తానంటాడు. గృహప్రవేశానికి కొబ్బరికాయ దాని మీదే కొడతాం, ప్రతి దసరాకూ పసుపు నీళ్ళు అక్కడే పోస్తాం, కాబట్టి అందరికంటే ముందు మన పట్టీయే తుప్పు పడుతుందట. అలాంటి ఇంట్లో పని పూర్తయ్యాక ఆయన ఇంటావిడతో చాలా మర్యాదగా, దేవుడికి చేసేది షట్టర్ చుట్టుకునే పై పెట్టెకు చెయ్యండమ్మా అంటాడు. ఎవరూ వినరు.

అన్నిటికంటే పెద్ద పద్ధతి ఇంకొకటి ఉంది. దాన్ని ఆయనకు నేర్పింది మోవాలో ఉండే పార్వతమ్మగారు, రిటైరైన రైల్వే గార్డు భార్య. కొత్తలో వాళ్ళింట్లో షట్టర్ బరువెక్కిందంటే బావ వెళ్ళాడు. ఆవిడ కొడుకు వస్తాదులాంటివాడు. షట్టర్ ఎలా ఉండాలని బావ అతన్ని అడిగాడు. ఒక్క తోపుకు పైకి పోవాలన్నాడతను. బావ షట్టర్ చుట్టుకునే పైపులోని స్ప్రింగులను అంత బిగువుగా తిప్పి వచ్చాడు. మర్నాడు పొద్దున ఆవిడ పాలకోసం షట్టర్ పట్టుకుని ఎత్తగానే అది ఎగిరి పైకిపోయింది, పట్టు వదలని పార్వతమ్మగారు మునివేళ్ళ మీదికి లేచారు. దెబ్బ ఏమీ తగల్లేదు గానీ ఆవిడ బావను పిలిపించి ఒంటికాలి మీద లేచారు. రోజూ ఎత్తేది తనైతే, తొమ్మిదింటిదాకా నిద్రపోయే కొడుకును అడగడమేమిటని చీవాట్లు పెట్టారు.

ఆ రోజు నుంచి బావ ఏ ఇంటికి వెళ్ళినా సంచి దించకముందే ఒక ప్రశ్న అడుగుతాడు. "షట్టర్ ఎవరు ఎత్తుతారు?" హిందీవాళ్ళ ఇంట్లో హిందీలో అడుగుతాడు. ఇంటాయన ముందుకొచ్చి నిలబడినా ఊరుకోడు, నిజంగా ఎత్తే మనిషిని పిలిపిస్తాడు. వంటమనిషి కావచ్చు, ముసలాయన కావచ్చు. ఆ మనిషి చేత ఒకసారి ఎత్తించి, చెయ్యి ఎక్కడ వణుకుతుందో చూసి, స్ప్రింగును ఆ చేతికి సరిపోయేలా బిగిస్తాడు. సగం ఎత్తి వదిలేస్తే సగంలోనే నిలవాలి, కిందికి జారకూడదు, పైకి ఎగరకూడదు. అలా నిలిచేదాకా ఆయన టీ కూడా తాగడు. ఈ ఒక్క పద్ధతితోనే ఆయనకు పేరొచ్చింది. పండరీ నుంచి అభన్‌పూర్ దాకా పిలిచేవాళ్ళు పెరిగారు.

ఇంత మహానుభావుడి సొంత ఇంటి షట్టర్ సంగతి చెప్పాలి. మోవాలో చిన్న ఇల్లు కట్టుకున్నప్పుడు ఆయనా ముందు గ్యారేజీ వేయించాడు. కారు లేదు, వచ్చే సూచన కూడా లేదు. షట్టర్ల మిస్త్రీ ఇంటికి షట్టర్ లేకపోతే ఎలా అన్నాడు. ఊరంతా మార్చిన పాత షట్టర్లలో మంచి పట్టీలు ఏరి తెచ్చి సొంతంగా ఒకటి కూర్చాడు. ఆకుపచ్చ పట్టీ ఒకరింటిది, నీలం పట్టీ పండరీలో ఎవరి కొట్టుదో, మధ్యలో ఒక ఎర్ర పట్టీ మీద ఇంకా సగం హిందీ అక్షరాలు కనిపిస్తాయి. అన్నీ పాతకాలం మందపాటి ఇనుము. స్ప్రింగులూ పాతవే. వచ్చినవాళ్ళందరికీ ఏ పట్టీ ఎక్కడిదో వేలు పెట్టి చూపిస్తాడు. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి బాగుంటుంది. ఎత్తడానికి మాత్రం ఏనుగు కావాలి, లేదా మా బావ కావాలి.

కొన్నేళ్ళు అది ఎవరికీ అడ్డు రాలేదు. తర్వాత అక్క ఆ గ్యారేజీలో టిఫిన్ సెంటర్ పెట్టింది. ఇడ్లీ, దోసె, ఉప్మా. ఇక్కడ పొద్దున అటుకుల పోహా, జిలేబీ తినే జనం. అక్క ఇడ్లీని ఎవరు తింటారని నేనే అన్నాను. మోవాలో ఉన్న తెలుగువాళ్ళు ముందొచ్చారు, వాళ్ళ వెనకాల పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్ళొచ్చారు, చివరికి వీధి చివర ఉన్న ఆడపిల్లల హాస్టల్ నుంచి రోజూ టిఫిన్ కావాలని అడిగారు. అక్క మొహంలో వచ్చిన వెలుగు నేను ఆవిడ పెళ్ళిలో కూడా చూడలేదు. చిన్నప్పుడు అమ్మ పనులన్నీ తనే చేసింది, పెళ్ళయ్యాక అత్తమామలకు చేసింది. తనదంటూ ఆవిడకు దొరికిన మొదటి చోటు ఆ గ్యారేజీ.

ఆ చోటు తెరవాలంటే మొగుడు కావాలి. బావ తెల్లవారుజామునే లేచి, షట్టర్ ఎత్తి, మళ్ళీ వచ్చి పడుకునేవాడు. దాన్ని ఆయన ప్రేమగా చేసేవాడు, అందులో అనుమానం లేదు. షట్టర్ బరువుగా ఉందని అక్క అన్నప్పుడల్లా, నేనున్నాను కదా నీకెందుకు అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఛాతీ కొంచెం విప్పారేది కూడా. మళ్ళీ అన్నా అదే జవాబు. మూడోసారి అంటే షట్టర్‌ను ఒంటిచేత్తో ఎత్తి చూపించి, బాగానే ఉంది చూడు అనేవాడు.

ఒకరోజు అభన్‌పూర్‌లో ఎవరింట్లోనో కారు లోపల ఉండగా షట్టర్ ఇరుక్కుపోయింది. వాళ్ళు పెళ్ళికి బయల్దేరాలి. ఫోన్ రాగానే బావ చీకటుండగానే మోపెడ్ మీద వెళ్ళిపోయాడు. ఆ హడావుడిలో ఇంటి షట్టర్ ఎత్తడం మరిచిపోయాడు. ఇంట్లోంచి గ్యారేజీకి ఒక తలుపుంది కాబట్టి అక్క లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది, ఇడ్లీలు దింపింది. బయట జనం చేరారు. అక్క షట్టర్ పట్టుకుని ఎత్తితే మోకాలి ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. దాని కింద పీట పెట్టి, ఆ సందులోంచే ప్లేట్లు బయటికి తోసింది. ఊర్మిళ అని వీధిలో ఉండే టీచరు, స్కూల్లో హిందీ చెబుతుంది, చీర చెక్కుకుని గొంతుక్కూచుని ఇడ్లీ అందుకుందట. కొందరు నవ్వారు. హాస్టల్‌కు టిఫిన్ ఆలస్యమైంది, పిల్లలు తినకుండానే కాలేజీకి వెళ్ళిపోయారు. వార్డెన్ వచ్చి, మళ్ళీ ఇలా జరిగితే వేరే చోట చూసుకుంటామని నెమ్మదిగానే చెప్పి వెళ్ళింది.

సాయంత్రం నేను వెళ్ళినప్పుడు అక్క ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. బావ మాత్రం నిజంగానే బాధపడ్డాడు. బాధపడి ఏం చేశాడంటే, ఇకమీదట పొద్దున పనులకు ఎక్కడికీ వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎండాకాలంలో రాయ్‌పూర్‌లో షట్టర్ పని చెయ్యాలంటే పొద్దునే చెయ్యాలి, తర్వాత ఇనుము ముట్టుకోలేం. అయినా వచ్చిన పిలుపులన్నీ కాదనుకుని అక్క షట్టర్ దగ్గర కాపలా కూర్చున్నాడు. ఇప్పుడు అక్క టిఫినూ ఆయన చేతిలోనే ఉంది, ఆయన పనీ ఆ షట్టర్ దగ్గరే ఆగిపోయింది. మోటారు పెట్టిస్తే బటన్ నొక్కితే లేస్తుంది కదా అన్నాడొకసారి. కరెంటు పోతే మళ్ళీ మిమ్మల్నే పిలవాలి కదా అని అక్క కొట్టిపారేసింది.

వేరే మిస్త్రీని పిలిపిద్దామని నేను సలహా ఇచ్చాను. అక్క నా వైపు చూసిన చూపుకు నేను కాఫీ గ్లాసు తీసుకుని బయటికి వచ్చేశాను. దుర్గారావు ఇంటికి వేరే మిస్త్రీ వచ్చాడంటే ఊళ్ళో ఆయన తలెత్తుకోగలడా అని తర్వాత మెల్లగా అడిగింది. అయినా పిలవాల్సింది ఆయన్నే అంది. నాకు అర్థం కాలేదు. మర్నాడు అక్క ఆ మాటే చెబితే ఊర్మిళగారికి అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం బావ పండరీలో ఏదో చిన్న పని మీద ఉన్నాడు. ఊర్మిళగారు పేరు చెప్పకుండా ఫోన్ చేసి, తన స్వచ్ఛమైన హిందీలో, మా ఇంట్లో షట్టర్ ఎత్తలేకపోతున్నాం, మోవాలో వాటర్ ట్యాంకు దగ్గరకొచ్చి ఫోన్ చెయ్యండి అంది. బావ మా ఏరియానే కదా అని సంతోషంగా వచ్చాడు. ట్యాంకు దగ్గర ఎడమకు తిరగమంది. తర్వాత కిరాణా కొట్టు దగ్గర కుడికి తిరగమంది. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని, మోపెడ్‌ను కాళ్ళతో నెట్టుకుంటూ సొంత వీధిలోకే వస్తుంటే, నేను అక్క ఇంటి ముందు బెంచీ మీద కూర్చుని నోరు నొక్కుకున్నాను. రంగురంగుల షట్టర్ ఎదురుగా ఆగండి అని ఊర్మిళగారు చెప్పేసరికి బావ మొహం చూడాలి.

మోపెడ్ స్టాండ్ వేసి దిగాడు. షట్టర్ దించి ఉంది. దాని ముందు అక్క నిలబడి ఉంది.

"ఏటిది? పొద్దున్న నేనే ఎత్తాను కదా, ఎవులు దించారు?" అన్నాడు.

"నేనే దించాను. దించడానికి బలమక్కర్లేదు," అంది అక్క. "మీరు ప్రతి ఇంటికీ ఎల్లి ముందు ఏదో అడుగుతారంట కదా. అది అడగండి."

బావ నవ్వబోయాడు. సాయం కోసం నా వైపు చూశాడు. నేను ఎదురింటి గోడకేసి చూశాను. జనం చూస్తున్నారని గొణిగాడు. చూడనివ్వమంది అక్క. ఆవిడ గొంతు పెంచలేదు, కదల్లేదు. చివరికి ఆయన సంచి భుజం మీదే ఉంచుకుని, కొత్త ఇంటికి వచ్చినవాడిలా నిలబడి అడిగాడు.

"షట్టర్ ఎవరు ఎత్తుతారు?"

"నేను," అంది అక్క. "దుకాణం నాది. నేనే ఎత్తాలి."

ఆయన నోటికి ఏళ్ళ తరబడి అలవాటైన తర్వాతి ముక్క దానంతటదే వచ్చేసింది. "అయితే ఒకసారి ఎత్తి చూపించండమ్మా."

పెళ్ళాన్ని అమ్మా అన్నందుకు ఇంకెప్పుడైనా అయితే వారం రోజులు ఏడిపించేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. అక్క కొంగు నడుముకు దోపి, వంగి, రెండు చేతులా షట్టర్ పట్టుకుంది. బావ పక్కకు జరిగి, అందరి ఇళ్ళలో చూసినట్టే ఆవిడ చేతుల్ని చూడడం మొదలుపెట్టాడు. షట్టర్ జానెడు లేచింది, ఇంకో జానెడు లేచింది. అక్క మడమలు నేల వదిలాయి, మెడ నరాలు తేలాయి, మోచేతులు వణికాయి. మోకాలి ఎత్తు దగ్గర అది ఆగిపోయింది. ఇన్నేళ్ళలో అక్క దాన్ని ఎత్తడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదని నాకు అప్పుడు తట్టింది. ఎలా చూస్తాడు, ఎప్పుడూ ముందే తను ఎత్తేసేవాడు.

చాలు, వదిలెయ్యమన్నాడు బావ. అక్క వదల్లేదు, పూర్తిగా చూడండి అంది. చేతులు జారేదాకా పట్టుకుంది. షట్టర్ దబ్బున నేలకు తగిలింది.

బావ గుమ్మం పక్కన మెట్టు మీద కూర్చుండిపోయాడు. "ఇంత బరువని నాకు సెప్పలేదేటి, రమణా?"

"చెప్పాను. నేనున్నాను కదా అన్నారు."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు, అది ఒక్క చెమటకే అని నేననుకోను. మా బావ చెడ్డవాడు కాదు. ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులూ చూసిన మనిషి, ఇంట్లో చేతులకు తన చేతులే అడ్డం పెట్టాడు, అంతే. అక్క వెళ్ళి ఆయన పక్కన కూర్చుని మంచినీళ్ళ చెంబు అందించింది. తాగి లేచాడు, సంచి విప్పాడు.

ఆ సాయంత్రమంతా పనే. షట్టర్ దింపి పట్టీలు విప్పాం, పైపు దింపాం, పాత స్ప్రింగులు బయటపడ్డాయి. వాటిని చూసి ఆయనే సిగ్గుపడ్డాడు. వేరే ఇంట్లో ఇలాంటివి చూసి ఉంటే మిస్త్రీని తిట్టిపోసేవాడు. గాళ్ళలో దుమ్మంతా గోకి తీసి, కొత్త స్ప్రింగులు పెట్టాడు. అన్నిటికంటే బరువైన పట్టీలు మార్చి సన్నవి వేశాడు. ఆకుపచ్చదీ, నీలందీ, హిందీ అక్షరాల ఎర్రదీ మాత్రం అలాగే ఉంచమంది అక్క. ఆయన వాటికి ఎంత విలువిస్తాడో ఆవిడకు తెలుసు. బిగువు తిప్పేటప్పుడు పెద్ద రెంచి పట్టుకోవడానికి నన్ను నిచ్చెన ఎక్కించాడు. పార్సిల్ ఆఫీసులో రబ్బరు స్టాంపు తప్ప ఏదీ ఎత్తని నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక్కో చుట్టు తిప్పినప్పుడల్లా అక్క చేత ఎత్తించాడు. ఇప్పుడెలా ఉందని అడిగేవాడు. ఇంకొంచెం అనేది అక్క. మళ్ళీ తిప్పేవాళ్ళం. ఊర్మిళగారు తన ఇంటి నుంచి టీ పంపితే ఆయన ముట్టుకోలేదు, నాది కూడా చల్లారిపోయింది. చివరికి అక్క ఒకసారి ఎత్తి, సగంలో చేతులు తీసేసింది. షట్టర్ అక్కడే నిలబడింది. కిందికి జారలేదు, పైకి ఎగరలేదు. అక్క దాని వైపు చూసింది, తర్వాత బావ వైపు చూసి, చిన్నపిల్లలా ఒక్క వేలితో దాన్ని పైకి తోసింది. బావ అప్పుడు టీ తాగాడు.

మర్నాటి సంగతి బావే నాకు చెప్పాడు. అలవాటు ప్రకారం తెల్లవారుజామునే మెలకువ వచ్చిందట. లేవబోయి, మళ్ళీ గుర్తొచ్చి పడుకున్నాడట. గ్యారేజీలో అక్క గిన్నెల చప్పుడు వినిపించింది. తర్వాత షట్టర్ లేచిన చప్పుడు, గరగర లేకుండా, ఒకే ఊపున, పైదాకా.

"ఇన్నేళ్ళు ఎన్ని షట్టర్లు ఎత్తానో నెక్కలేదురా రఘూ," అన్నాడు. "మంచంలో పడుకొని ఇనడం ఇదే మొదలు. బాగుంది. కొంచెం ఏదోలా కూడా ఉందనుకో."

అలా ఆయన పైకప్పు చూస్తూ పడుకుని ఉండగా, అక్క గ్యారేజీలోంచి కేకేసి, అభన్‌పూర్ వాళ్ళు పొద్దున్నే రమ్మన్నారు కదా, ఇంకా పడుకున్నారేం అని అడిగిందట. ఆయన లేచి స్నానం చేసి, వీధిలోంచి తిరిగి వచ్చి, హాస్టల్ పిల్లల వెనకాల వరసలో నిలబడి రెండు ఇడ్లీలు తిని, పనికి వెళ్ళాడు.